అప్పు సర్కారుది, తాకట్టు పిల్లలది

ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్ తేదీ కూడా వచ్చింది. ప్రొవిజనల్ సర్టిఫికెట్ మాత్రం కాలేజీ బీరువా దాటి రాదు. సర్కారు నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదు కాబట్టి ఇవ్వలేమంటుంది యాజమాన్యం. ఇంజినీరింగ్ ఫైనలియర్ ఫలితాలు వచ్చాక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా నడిచే తంతు ఇది. ఏటా నడుస్తోంది గనుక మామూలైపోయింది. అలా మామూలైపోవడమే మాకు మింగుడుపడటం లేదు.

కాలేజీలకూ కష్టాలున్నాయి. అధ్యాపకులకు నెలల తరబడి జీతాలివ్వలేకపోతున్నామని యాజమాన్యాలు మొత్తుకుంటున్నాయి. గత పాలకులు ఖజానా ఊడ్చిపోయారని మంత్రులు అంటున్నారు. రెండింటిలోనూ ఎంతో కొంత నిజం ఉండొచ్చు. కానీ బాకీ పడింది సర్కారు, బాకీ రావలసింది కాలేజీకి. ఆ ఇద్దరి మధ్య లెక్కకు మూడో మనిషి సర్టిఫికెట్‌ను తాకట్టు పెట్టడం ఏ న్యాయం?

అకౌంట్స్ కౌంటర్ దగ్గర జరిగేది ఒకసారి చూడండి. నో డ్యూస్ ఫారం మీద లైబ్రరీ సంతకం పడుతుంది, ల్యాబ్ సంతకం పడుతుంది, హెచ్‌ఓడీ సంతకమూ పడుతుంది. అకౌంట్స్ దగ్గర ఆగిపోతుంది. హాల్ టికెట్ నంబరు కొడితే కంప్యూటర్‌లో విద్యార్థి పేరు మీదే బకాయి కనిపిస్తుంది. అసలు బాకీదారైన సర్కారు పేరు ఎక్కడా ఉండదు. ‘ఇప్పుడు కట్టెయ్, ఆర్‌టీఎఫ్ (రీయింబర్స్‌మెంట్ డబ్బు) పడ్డాక వెనక్కిస్తాం’ అంటారు. తెలంగాణలో పది వేల లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి సర్కారు ఇస్తామన్నది ఏడాదికి 35,000 రూపాయలు. నాలుగేళ్లదీ ఆగితే 1,40,000. పెద్ద ఐటీ కంపెనీలు క్యాంపస్‌లలో గంపగుత్తగా తీసుకునే ఫ్రెషర్ల ప్యాకేజీ ఏళ్ల తరబడి మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. అంటే మొదటి జీతం చూడకముందే ఐదారు నెలల జీతం కౌంటర్‌లో కట్టాలన్నమాట. తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు, లేదా తల్లి మెడలోది బ్యాంకుకు చేరుతుంది. దీన్ని రీయింబర్స్‌మెంట్ అనడానికి నోరెలా వస్తుంది? పేదింటి దగ్గర వడ్డీ లేకుండా సర్కారు చేస్తున్న అప్పు ఇది. వడ్డీ కట్టేది కూడా ఆ పేదిల్లే.

కట్టలేనివాళ్లు జాయినింగ్ వాయిదా వేయమని కంపెనీని బతిమాలుకోవాలి. మార్కెట్ ఎలా ఉందో తెలియనిది కాదు. 2022లో ఆఫర్లు ఇచ్చి 2024 దాకా పిలవని కంపెనీలను చూశాం. అంతకాలం ఎదురుచూసి చేరినవాళ్లతో సహా, పరీక్షల్లో నెగ్గలేదంటూ మూడు వందల మందికి పైగా ట్రైనీలను ఇన్ఫోసిస్ 2025 ఫిబ్రవరిలో మైసూరు క్యాంపస్ నుంచి పంపేయడమూ చూశాం. అలాంటి రోజుల్లో ‘సర్కారు డబ్బు పడ్డాక వస్తాను సార్’ అనే కుర్రాడి కోసం ఏ హెచ్‌ఆర్ కుర్చీ ఖాళీగా ఉంచుతాడు?

ఫీజు గురించి బెంగ లేకుండా చదువుకోండని చెప్పి ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన పథకం ఇది. ఆంధ్రప్రదేశ్‌లో జగన్ ప్రభుత్వం విద్యా దీవెన అని పేరు పెట్టి తల్లుల ఖాతాల్లో వేస్తామంది. చంద్రబాబు ప్రభుత్వం మళ్లీ కాలేజీల ఖాతాలకే అంది. పేరు మారింది, ఖాతా మారింది, బకాయి మాత్రం అలాగే ఉంది. తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పెడితే గానీ సర్కారు కదల్లేదు. కాలేజీలకు బంద్ అనే ఆయుధమైనా ఉంది. పాసై బయటికొచ్చిన పిల్లలు ఏం బంద్ చేయాలి? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడే వరం ప్రకటించి చేతులు ముడుచుకు కూర్చున్నాడు.

చట్టం లేకనా అంటే అదీ కాదు. విద్యార్థుల ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవద్దని 2018లోనే యూజీసీ విద్యాసంస్థలకు చెప్పింది. ఫీజు బకాయి వసూలుకు టీసీ సాధనం కాదని 2024లో మద్రాసు హైకోర్టు స్పష్టం చేసింది. కానీ వారంలో జాయిన్ కావలసిన కుర్రాడు ఆ ఉత్తర్వు పట్టుకుని కోర్టు చుట్టూ తిరగడు. అప్పు చేసి కడతాడు. యాజమాన్యాలకు ఆ సంగతి బాగా తెలుసు, సర్కారుకు ఇంకా బాగా తెలుసు. పిల్లలు ఎలాగోలా కడుతున్నారు కాబట్టే బకాయి తీర్చాలన్న తొందర సచివాలయంలో ఎవరికీ లేదు.

ఈ అలవాటు ఇక్కడితో ఆగుతుందన్న నమ్మకమూ లేదు. ఆరోగ్యశ్రీ బిల్లు రాలేదని రేపు ఏ ఆస్పత్రయినా రోగిని డిశ్చార్జి చేయకుండా ఆపితే ఏం సమాధానం చెబుతారు? సర్కారు బాకీకి సర్టిఫికెట్ తాకట్టు పెట్టొచ్చని ఒప్పుకున్న నోటితో, మనిషిని పెట్టకూడదని ఎలా అంటారు?

చేయవలసింది పెద్ద పనేం కాదు. సర్కారు స్కాలర్‌షిప్ పోర్టల్ ఈ-పాస్‌లో రీయింబర్స్‌మెంట్ మంజూరైన విద్యార్థి పేరు మీద కాలేజీ పైసా బకాయి చూపకూడదని ఒక్క జీవో ఇవ్వాలి. ప్రొవిజనల్, మార్కుల మెమోలను యూనివర్సిటీలు కాలేజీల చేతికి కాకుండా నేరుగా విద్యార్థికే ఇవ్వాలి. ఇప్పటికే కట్టించుకున్న డబ్బును తేదీ పెట్టి వెనక్కి ఇప్పించాలి. ఒకవైపు స్కిల్స్ యూనివర్సిటీ, ఇంకోవైపు లక్షల ఉద్యోగాల హామీలు. సొంత బాకీ తీర్చకుండా పిల్లల మొదటి ఉద్యోగానికే అడ్డుపడుతున్న ప్రభుత్వాలకు ఆ మాటలెత్తే అర్హత లేదు. కనీసం ఆ జీవో వచ్చేవరకైనా మంత్రులు జాబ్ మేళాల్లో ఆఫర్ లెటర్లు పంచుతూ ఫొటోలు దిగడం మానుకోవాలి.