క్వార్టర్ ఖాళీ చేసి ఎక్కడికి?

నాన్న సింగరేణిలో రిటైరయ్యారు. గోదావరిఖని క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. హైదరాబాద్‌లో అన్నయ్య ఇంటి దగ్గర్లో అద్దెకు ఉందామని అమ్మ, హనుమకొండ వచ్చెయ్యమని మామయ్య. ఆదివారం భోజనాల దగ్గర పట్టుకున్న వాదన టీ వేళ దాకా నడిచింది.

అమ్మ: ముప్పై ఏళ్లు ఈ ఓపెన్‌కాస్టు బొగ్గుగనుల వేడిలో ఉడికిపోయాను రా. మే నెలలో రాత్రి పదకొండుకి కూడా ఇనుప మంచం ముట్టుకుంటే చురుక్కుమంటుంది. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది, రాత్రికన్నా చల్లబడుతుంది. మీ వరంగల్ ఎత్తు అందులో సగం. ఈ ఎండ వదిలి ఆ ఎండలో పడమంటావా?

మామయ్య: ఎండ లేదనను. కానీ బావ పెన్షన్ చూడక్కా. 1998లో పెట్టిన బొగ్గుగని పెన్షన్ పథకం అది. ధరలు ఎంత పెరిగినా అది పెరగదు. అల్లుడు కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్‌కి 24,000 కడుతున్నాడు. మా వీధిలో అలాంటిది 11,000. మిగిలే 13,000తో ఏసీ పెట్టుకున్నా కరెంటు బిల్లు పోను బావ మందులు వస్తాయి.

పెన్షన్ మాట రాగానే నాన్న అన్నం కలపడం ఆపేశారు. నా మనసు అక్కడే మామయ్య వైపు మొగ్గింది.

అమ్మ: చవకే. ఎందుకు చవకో చెప్పు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్ వైపు ఇళ్లల్లోకి నీళ్లు రాలేదా? ఫ్రిజ్ బల్ల మీదికి ఎక్కించామని నువ్వే ఫోన్ చేశావు.

మామయ్య: చేశాను. కాకతీయుల కాలం నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండితే అలుగు పోసి కింది చెరువులోకి పోవాలి. ఆ దారి నిండా ఇళ్లు కట్టుకున్నాం, నీళ్లెటు పోతాయి? అందుకే నీకు నాలా పక్కన చూడట్లేదు. మిట్ట మీద చూస్తున్నా. 2023లో కూడా గడప తడవని ఇల్లు.

అమ్మ: మనవడిని చూడాలనిపిస్తే?

మామయ్య: కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. పొద్దున పోయి రాత్రికి రావచ్చు.

అమ్మ కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చుంది.

అమ్మ: ఆ ఇల్లు ఇప్పుడు చూపించకు. జులైలో రాత్రంతా వాన కొట్టిన రోజు ఫోన్ చెయ్యి, మొదటి బస్సుకి వస్తాను. గోడకి తడి గీత ఉందో లేదో చూశాకే అడ్వాన్స్.