పక్కకు పిలిచి చెప్పండి

ప్లేస్‌మెంట్ల రోజులు వచ్చాయంటే మన కాలేజీ హాస్టళ్లలో అమ్మాయిలకు ఒకటే టెన్షన్. ఏం వేసుకెళ్లాలి? చుడీదారా, ప్యాంటూ చొక్కానా? జిల్లాల నుంచి వచ్చి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయికి ఇలాంటివి చెప్పే మనిషి దొరకదు. ఇస్త్రీ చేసిన కాటన్ కుర్తా చాలని, కొత్త చెప్పులు ఆ రోజే మొదటిసారి తొడుక్కుంటే కరుస్తాయని, అప్పుడు ధ్యాసంతా కాళ్ల మీదే ఉంటుందని ఓ సీనియర్ అక్క చెబితే సగం భయం పోతుంది. కట్టూ బొట్టూ గురించి ఆడపిల్లలకు ఏమీ చెప్పకూడదని మేం అనం. ఇలా చెప్పమంటున్నాం.

2019లో హైదరాబాద్ బేగంపేటలోని ఒక మహిళా కళాశాల కుర్తీ మోకాళ్ల కిందికి ఉండాలంది. గేటు దగ్గర పొడవు చూసి పిల్లల్ని ఆపేశారు. విద్యార్థినులు ఆందోళనకు దిగాకే ఆ నిబంధన పోయింది. 2023 జూన్‌లో అదే నగరంలోని సంతోష్‌నగర్‌లో డిగ్రీ పరీక్షకు వచ్చిన అమ్మాయిలు, తమ చేత బురఖాలు తీయించారని ఫిర్యాదు చేశారు. ఒకచోట బట్ట చాలలేదు, ఇంకోచోట ఎక్కువైంది. రెండుచోట్లా పదిమందిలో తలదించుకుని నిలబడింది ఆడపిల్లే. ఆ మనసుతో ఆమె పాఠం ఏం వింటుంది, పరీక్ష ఏం రాస్తుంది?

చున్నీ విషయంలో మాత్రం పెద్దలు గట్టిగానే చెప్పాలి. బండి వెనక కూర్చున్నప్పుడు జారిన చున్నీ చక్రానికి చుట్టుకుంటే మెడకు ఉరి పడుతుంది. బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. లుక్ పాడవుతుందని శారీ గార్డ్ ఊడదీయించే అబ్బాయిలకూ ఈ మాట చెప్పాలి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో బర్నర్ దగ్గర సింథటిక్ చున్నీ, విరబోసుకున్న జుట్టు ప్రమాదం. కారణం చెప్పి చూడండి, ఏ అమ్మాయీ మొహం మాడ్చుకోదు.

ఎవరో వేధించారని ఏడుస్తూ వచ్చిన పిల్లను మాత్రం ‘నువ్వేం వేసుకున్నావ్’ అని అడగొద్దు. లైంగిక నేరాల కేసుల్లో మహిళ దుస్తులు, నడవడి గురించి న్యాయమూర్తులు వ్యాఖ్యానించకూడదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మన పోలీసుల షీ టీమ్స్ కూడా 2014 నుంచి బస్టాపుల్లో మఫ్టీలో నిలబడి పట్టుకుంటున్నది వేధించేవాళ్లనే.

కాలేజీలకు డ్రెస్ నిబంధన కావాలనుకుంటే అడ్మిషన్‌కు ముందే అచ్చువేసి ఇవ్వాలి, అబ్బాయిలకూ అదే వర్తించాలి. గేటు దగ్గర కొలతలు ఆపాలి. ఎవరికైనా ఒక మాట చెప్పాల్సి వస్తే ఆ పని ఒక మేడమ్‌కు అప్పగించండి. స్టాఫ్ రూమ్‌లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ముందు ‘తిన్నావా’ అని అడిగే మేడమ్ ప్రతి కాలేజీలోనూ ఒకరుంటారు.