హైదరాబాద్‌కు దొరకని వైరం

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) కప్పు గెలిచింది. కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిసి, పెనాల్టీ షూటౌట్‌లో మనవైపు తిరిగింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 2025 అక్టోబరులో ఆ క్లబ్ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుని రాజధానికి వెళ్లిపోయింది. ఊళ్లో పెద్దగా చలనం లేదు. 2019లో పుణె జట్టు మూతపడితే ఆ స్థానంలో వచ్చిన క్లబ్బే కదా, వచ్చినట్టే పోయింది అనుకున్నారు.

ఇదే కాలంలో కోల్‌కతాలో జరిగింది చూడండి. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టును ఐఎస్ఎల్ క్లబ్ ఏటీకేతో కలిపి ‘ఏటీకే మోహన్ బగాన్’ అన్నారు. ఊరు మారలేదు, జెర్సీ రంగులు మారలేదు, డబ్బు పెరిగింది, జట్టు గెలుస్తోంది. అయినా అభిమానులు ఊరుకోలేదు. ఆ మూడు అక్షరాలు తీసేదాకా బ్యానర్లు దించలేదు. 2023 మార్చిలో బెంగళూరును ఓడించి కప్పు అందుకున్న రాత్రే యజమాని సంజీవ్ గోయెంకా పేరు మారుస్తున్నట్టు ప్రకటించాల్సి వచ్చింది. కప్పు గెలిచిన సంతోషం కంటే అక్షరాలు పోయిన సంతోషమే కొందరికి ఎక్కువైంది.

ఈ తేడా ఎందుకొచ్చింది? బెంగాలీలకు ఫుట్‌బాల్ పిచ్చి, మనకు క్రికెట్ పిచ్చి అనేది సులువైన జవాబు, సగం జవాబు. నా లెక్కలో అసలు కారణం ఎదుటి గట్టున అదే ఊరి క్లబ్ ఈస్ట్ బెంగాల్ ఉండటం. పక్కవాడి ముందు తలెత్తుకు తిరగాలి కాబట్టే మోహన్ బగాన్ అభిమానికి తన పేరు అంత ముఖ్యం.

ఈ వైరం పుట్టుక చాలా చిన్న గొడవ. 1920 జులై 28న కూచ్‌బెహార్ కప్‌లో మోహన్ బగాన్‌తో ఆటకు జోరాబగాన్ క్లబ్ తన జట్టులోంచి తూర్పు బెంగాల్ వాడైన శైలేష్ బోస్‌ను తప్పించింది. క్లబ్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి అడిగాడు, వాళ్లు వినలేదు, ఆయన బయటికొచ్చేశాడు. తూర్పు బెంగాల్ వాళ్లంటే చిన్నచూపు అన్న కోపంతో ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్ పేరుతో కొత్త క్లబ్ పెట్టారు. అవతల మోహన్ బగాన్ అప్పటికే పెద్ద పేరు. 1889లో మొదలైన ఆ క్లబ్, 1911 జులై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. ఒక్కరు తప్ప అందరూ బూట్లు లేని కాళ్లతో ఆడి తెల్లవాళ్ల సైనిక జట్టును ఓడించిన క్లబ్బు ముందు నిన్నగాక మొన్న పుట్టిన క్లబ్ ఎంత? 1925 మే 28న కలకత్తా లీగ్‌లో తొలిసారి ఎదురుపడి, నేపాల్ చక్రవర్తి గోల్‌తో ఆ కొత్త క్లబ్బే 1-0తో గెలిచింది. అక్కడితో లెక్క మొదలైంది.

1947 దీన్ని వేరే స్థాయికి తీసుకెళ్లింది. దేశ విభజనతో ఇల్లూ పొలమూ వదిలి కోల్‌కతా చేరిన లక్షల మందికి ఆ క్లబ్ పేరులోనే పోయిన ఊరు కనిపించింది. ఎరుపు, బంగారు రంగుల ఈస్ట్ బెంగాల్ జెర్సీ గెలిస్తే ఇలిష్ చేప, ముదురు ఎరుపు, ఆకుపచ్చల మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు అన్న ఆనవాయితీ అలా స్థిరపడింది. (ఇలిష్ అంటే మన గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు, పులసకు అక్కగారు.) ఇప్పటికీ టీవీలో డెర్బీ (ఈ రెండు క్లబ్బుల పోరు) ప్రోమో వేస్తే చేప, రొయ్య ఉండి తీరాలి.

కానీ ఈ చేపా రొయ్యా కథ సగమే నిజమని నా అనుమానం. శరణార్థుల క్లబ్బుకు స్వర్ణయుగం తెచ్చింది ఎవరు? 1950 ప్రాంతంలో ‘పంచపాండవులు’ అని పిలిపించుకున్న ఫార్వర్డ్‌లు అహ్మద్ ఖాన్, వెంకటేశ్, ధనరాజ్, సాలే, అప్పారావు. అయిదుగురూ దక్షిణాది వాళ్లే, అందులో అప్పారావు తెలుగువాడు. పద్మ ఒడ్డున ఇల్లు పోగొట్టుకున్నవాడు వీళ్ల గోల్స్‌కి ఏడ్చాడు, ఎగిరాడు. మూలాలతో మొదలైన వైరం తొందర్లోనే మూలాలను దాటేసింది. ఇవాళ గ్యాలరీలో ఉన్న మూడో తరం, నాలుగో తరం కుర్రాళ్లలో చాలామందికి ఢాకా ఎలా ఉంటుందో తెలియదు. వాళ్లకు తెలిసింది నాన్న ఏ జెర్సీ వేసుకునేవాడో, అంతే. అది చాలు కూడా.

ఇక్కడ హైదరాబాద్ కథ చెప్పుకోవాలి. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ జట్టును తీర్చిదిద్దిన ఎస్.ఎ.రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ప్రతిభ మన దగ్గర తక్కువేం కాదు, ఒక దశలో కోల్‌కతాకు ఎగుమతి చేసేంత ఉంది. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ నుంచి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి మళ్లీ ఇటు రాలేదు, 2023లో కన్నుమూసింది కూడా కోల్‌కతాలోనే.

అయితే ఆ పోలీస్ జట్టు ఎవరిది? పోలీసు శాఖది. ఆటగాడికి ఉద్యోగం, జీతం, పెన్షన్ ఇచ్చింది, మంచిదే. కానీ జట్టు ఓడితే రాత్రి నిద్ర పట్టనిది కమిషనర్ గారికే తప్ప చార్మినార్ దగ్గర గాజుల కొట్టువాడికి కాదు. సభ్యత్వం లేదు, చందా లేదు, నాన్న నుంచి కొడుక్కి వచ్చే జెర్సీ లేదు. రహీం 1963లో పోయాక, శాఖల ప్రాధాన్యాలు మారాక, ఆ జట్టును పట్టుకుని వేలాడేవాళ్లు మిగల్లేదు.

మహమ్మద్ హబీబ్ సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. హైదరాబాదీ కుర్రాడు, ఉద్యోగం వద్దనుకుని ఆటనే బతుకుతెరువు చేసుకున్నాడు. ఆ ధైర్యం ఇక్కడ ఉండి చేయగలిగేవాడు కాదు. 1975 సెప్టెంబరు 30న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ను మట్టి కరిపించింది, ఆ గెలుపు కోచ్ పి.కె.బెనర్జీ. మరుసటి ఏడాదికే ఆ పీకే మోహన్ బగాన్ శిబిరంలో కూర్చున్నాడు. హబీబ్, తమ్ముడు అక్బర్ కూడా అక్కడికే చేరారు. 1976 లీగ్ డెర్బీలో బంతి కదిలిన 17 సెకన్లకే అక్బర్ గోల్ కొట్టాడు. ఆరేళ్లుగా ఈస్ట్ బెంగాల్ వదలని లీగ్ టైటిల్ ఆ సీజన్‌లో చేతులు మారింది. నిన్న తిట్టినవాణ్ని ఇవాళ భుజాన మోసే గ్యాలరీ అది. ద్రోహి అంటుంది, మళ్లీ వస్తే అన్నం పెడుతుంది. హబీబ్ ఆ రెండు క్లబ్బుల మధ్య ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగినా ‘బడే మియా’గానే మిగిలాడు.

ఇదంతా ముచ్చటగా ఉందని ఖర్చు మర్చిపోకూడదు. ఆ 5-0 తర్వాత ఒక మోహన్ బగాన్ అభిమాని ప్రాణం తీసుకున్నాడు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మైదానంలో రేగిన గొడవ స్టాండ్స్‌కి పాకి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. 2012 డిసెంబరులో గ్యాలరీ నుంచి వచ్చిన రాయి తన ఆటగాడు రహీం నబీ ముఖానికి తగిలితే మోహన్ బగాన్ రెండో అర్ధభాగం ఆడనంది, దానిమీద నిషేధం, ఆ తర్వాత కోట్ల జరిమానా. ఇందులో రసవత్తరం అనదగ్గది ఏమీ లేదు.

ఆట నాణ్యతకూ ఇది కొంత చేటే. డెర్బీ గెలిస్తే చాలు, క్లబ్ పెద్దల మిగతా తప్పులన్నీ మాఫీ. 2003-04లో నేషనల్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ ఆ తర్వాత రెండు దశాబ్దాలు జాతీయ లీగ్ టైటిల్ లేకుండానే గడిపింది. 2023 ఆగస్టు 12న డ్యూరాండ్ కప్ గ్రూప్ దశలో నందకుమార్ గోల్‌తో నాలుగున్నరేళ్ల తర్వాత డెర్బీ గెలిచినప్పుడు మాత్రం కప్పే వచ్చినంత హడావుడి. మూడు వారాలకు అదే కప్పు ఫైనల్లో, పది మందితో ఆడుతున్న మోహన్ బగాన్ చేతిలో 1-0తో ఓడింది.

కానీ ఇరవై ఏళ్లు లీగ్ టైటిల్ లేని క్లబ్ వేరే ఊళ్లో అయితే ఎప్పుడో మూతపడేది. స్పాన్సర్లు వచ్చారు, తగవులాడుకుని పోయారు, మళ్లీ కొత్తవాళ్లు వచ్చారు. గ్యాలరీ మాత్రం ఖాళీ కాలేదు. 1997 జులై 13న సాల్ట్‌లేక్ స్టేడియానికి 1,31,781 మంది వచ్చారంటే అది ఫెడరేషన్ కప్ సెమీఫైనల్ కోసం కాదు. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ముందురోజుల్లో ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్లు బైచుంగ్ భూటియాను ‘చుంగ్‌చుంగ్’ అనీ, ఒమోలోను ‘ఆమ్లెట్’ అనీ వెక్కిరించాడు. ఆ చుంగ్‌చుంగే హ్యాట్రిక్ కొట్టి 4-1తో లెక్క తేల్చాడు. ఏ మార్కెటింగ్ విభాగం రాసిస్తుంది ఇలాంటి కథ?

2024 ఆగస్టు 18 నాటి సంగతి మరీ విచిత్రం. ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలిపై అత్యాచారం, హత్యపై ఊరంతా అట్టుడుకుతుండగా, భద్రత ఇవ్వలేమంటూ ఆ రోజు డెర్బీ రద్దు చేశారు. స్టేడియం బయట రెండు జెర్సీల వాళ్లూ కలిసి చేరి ‘రెండు గ్యాలరీలు, ఒకే గొంతు’ అన్నారు. పోలీసులు లాఠీలు ఝళిపించినా చెదరలేదు. నూరేళ్లుగా తిట్టుకున్నవాళ్లకు ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంటుంది మరి, పిలిస్తే క్షణాల్లో వస్తారు.

మన దగ్గర ఎవరైనా ఫుట్‌బాల్ అభివృద్ధి అనగానే స్టేడియం అంటారు, అకాడమీ అంటారు, కాదంటే ఇంకో ఫ్రాంచైజీ అంటారు. స్టేడియం ఉంది. 2024 డిసెంబరు 31న గచ్చిబౌలిలోనే రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది, బెంగాల్ కేరళను 1-0తో ఓడించింది. లేనిది సభ్యుల చేతిలో ఉండే క్లబ్. ఒకటి కాదు, రెండు కావాలి. ఆ పోటీకి మన దగ్గర పాత పునాది లేకపోలేదు. హైదరాబాద్, సికింద్రాబాద్ మధ్య మా ఊరు, మీ ఊరు అన్న పట్టింపు తరాలుగా ఉంది, ఒకప్పుడు అటు సిటీ పోలీస్, ఇటు సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్ జట్టు గట్టిగానే ఆడాయి. రేపు ఏ పారిశ్రామికవేత్తో ఐఎస్ఎల్ జట్టు కొంటానంటే సంతోషమే. దానికంటే ముందు నగర లీగ్‌లో ఈ రెండు పేర్లతో, అయిదొందలు కట్టిన ఎవరికైనా ఓటు హక్కు ఉండే క్లబ్బులు రెండు పెట్టి, ఏటా రెండుసార్లు తప్పనిసరిగా ఎదురుపడేలా చూడమని రాష్ట్ర సంఘాన్ని అడగాలి.