ఎల్24ని బతికిద్దామా, 3.1 లీటర్లది కడదామా?

కాలిఫోర్నియా, ఫ్రీమాంట్‌లో ఓ ఇంటి గ్యారేజీ. 1972 డాట్సన్ 240జెడ్ బానెట్ తెరుచుకుని ఉంది. దాని 2.4 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజన్ ఎల్24 దింపి స్టాండుకి బిగించారు. పక్కన ఇంకో స్టాండు మీద అదే కుటుంబంలోని 2.8 లీటర్ల ఎల్28 ఖాళీ బ్లాకు (సిలిండర్లుండే దిమ్మ), తర్వాతి కారు 280జెడ్‌ఎక్స్‌లో వచ్చిన ఎఫ్54 రకం. బండి సూరిది, పనిముట్లు వాళ్ల బావ ప్రసాద్‌వి. కారులోకి ఏ ఇంజన్ ఎక్కాలన్న దాని మీద గొడవ. ఇద్దరికీ చుట్టాన్ని కాబట్టి నేను ఎటూ మాట్లాడలేదు. మనసు ఎటు మొగ్గిందో దాచడం మాత్రం నావల్ల కాలేదు.

సూరి: లెక్క చాలా తేలిక బావా. ఎల్24 అంటే బోరు (సిలిండరు వెడల్పు) 83, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 73.7 మిల్లీమీటర్లు, మొత్తం 2393 సీసీ. ఈ ఎఫ్54 బ్లాకులో ఎల్‌డీ28 డీజిల్ ఇంజన్ క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వేస్తే స్ట్రోకు కూడా 83 అవుతుంది. బోరు 89కి తెరిపిస్తే 3098 సీసీ. అవే మౌంటులు, అదే గేర్‌బాక్సు. బయట నుంచి చూసేవాడికి అదే ఇంజన్. ఏడొందల సీసీ ఊరికే వస్తుంటే వద్దంటారేమిటి?

ప్రసాద్: ఊరికేనా! ఆ క్రాంకు ఎవడిస్తాడ్రా?

సూరి: 1980ల మొదట్లో ఇక్కడ అమ్మిన డీజిల్ డాట్సన్ మాక్సిమాల్లో ఉండేది.

ప్రసాద్: అవి తుక్కు యార్డుల్లో దొరికిన రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ఉన్నవాడు చెప్పిందే ధర. కొన్నాక పగుళ్ల పరీక్ష, గ్రైండింగు, బ్యాలెన్సింగు. ఇటు చూడు, నీ కారుతో పుట్టిన ఇంజన్. బ్లాకు మీద నంబరు, ఇంజన్ బేలో ప్లేటు మీద నంబరు ఒకటే. యాభై ఏళ్లు కలిసున్న వాటిని విడదీస్తావా?

సూరి: నేనేం వేలానికి పెట్టట్లేదు కదా. ఇది సీరీస్ 1 (మొట్టమొదటి తయారీ) బండి కూడా కాదు. ఎల్24కి నూనె పూసి, కవరు చుట్టి మూలన పెడతా. కావాలంటే రేపు మళ్లీ ఎక్కించుకోవచ్చు.

ప్రసాద్: మూలన పెట్టిన ఇంజన్ మళ్లీ బండెక్కడం నేనింతవరకూ చూళ్లేదు. దీనికేమైందని అసలు? బోరు గేజీ పెట్టి చూశా. నాలుగో సిలిండరు బాగా అరిగింది, పైన రింగు ఆగే చోట గోరు తగిలే గట్టుంది. మిగతావి నయం. 84కి రీబోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే 2450 సీసీ. రాడ్లు, క్రాంకు బ్యాలెన్స్ చేయిస్తే సిల్కులా తిరుగుతుంది. 1973లో సఫారీ ర్యాలీ ఏ ఇంజన్‌తో గెలిచార్రా? మన గుజరాతీ మూలాలున్న శేఖర్ మెహతా గెలిచింది 240జెడ్‌తోనేగా! అంతకు రెండేళ్ల ముందు హెర్మన్ గెలిచిందీ దీంతోనే. అమెరికాలో 1970, 71 రెండేళ్లూ పీటర్ బ్రాక్ టీము తరఫున జాన్ మోర్టన్ సి-ప్రొడక్షన్ టైటిల్ కొట్టిందీ ఈ కారుతోనే. వాళ్లకి సరిపోయింది నీకు చాలదా?

సూరి: వాళ్లకి రూల్సు అడ్డం. రేసులో కెపాసిటీ మార్చనివ్వరు కాబట్టి 2.4తో సర్దుకున్నారు. రూల్సు లేని చోట డాట్సన్ కట్టే నిస్సాన్ ఏం చేసింది? 1974లో ఇదే ఇంజన్‌కి 79 స్ట్రోకు క్రాంకు వేసి 2.6 చేసింది. ఏడాది తిరక్కుండా బోరు 86కి పెంచి 2.8 చేసింది. స్ట్రోకరు (స్ట్రోకు పెంచిన ఇంజన్) కట్టడం మొదలెట్టింది నేను కాదు, కంపెనీయే!

(ఈ దెబ్బ బాగా తగిలింది. బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కాసేపు మాట్లాడలేదు.)

ప్రసాద్: అది మోజుతో కాదు, గతిలేక. ఏటికేడు పొగ నిబంధనలు బిగిశాయి, బంపర్లు బరువెక్కాయి. పోయిన పికప్పు తిరిగి తెచ్చుకోడానికి సీసీ పెంచారు. నీ బండి అంత బరువు కాదు, టన్నుకి కాస్త ఎక్కువ. 1975 మోడల్ దాకా ఇక్కడ స్మాగ్ చెక్కూ (పొగ పరీక్ష) లేదు. నీకా ఇబ్బందులేవీ లేనప్పుడు ఆ మందెందుకు?

సూరి: ఎందుకంటే ఈ ఇంజన్‌కి కాగితం మీద 151 హార్స్‌పవర్. అదీ ఆ రోజుల్లో గ్రాస్ లెక్క, ఎగ్జాస్టు, ఫ్యాను లాంటివి లేకుండా కొలిచింది. చక్రాల దగ్గరికి వచ్చేసరికి ఎంత మిగులుతుందో మీకే తెలుసు. స్కైలైన్ రోడ్డు ఎత్తులో మూడో గేరులో వెళ్తుంటే వెనకాల ఫ్యామిలీ వ్యాను హారన్ కొడుతోంది బావా! మంచి కామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు), పోర్టింగు (హెడ్డులో గాలి దారులు సవరించడం), మూడు వెబర్లు (కార్బ్యురేటర్లు) పడితే 3.1 లీటర్ల ఇంజన్ 220 దాటుతుంది. అంతకన్నా ముఖ్యం, రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గరే గుంజుతుంది.

ప్రసాద్: గుంజుతుంది. పైకి వెళ్తే? 7000 దగ్గర ఎల్24 పిస్టను సగటున సెకనుకి 17 మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. నీ 83 స్ట్రోకుతో 19 దాటుతుంది. రాడ్డు మాత్రం అదే 133 మిల్లీమీటర్లు. రాడ్డు పొడవుని స్ట్రోకుతో భాగిస్తే ఎల్24కి 1.8, నీ దానికి 1.6. అంటే పిస్టను గోడని పక్కకి నెట్టడం ఎక్కువ. అందుకే ఎల్24 పైకి వెళ్లేకొద్దీ ఇంకా తిప్పమంటుంది, స్ట్రోకరు ఇక చాలంటుంది. వీథిలో నడిపేవాడు ఆ తేడా చెవితోనే పట్టేస్తాడు.

సూరి: వీథిలో 7000 ఎవరు తిప్పుతారు?

ప్రసాద్: మరి 220 హార్స్‌పవర్ ఎవరు వాడతారు? ఆ మాట వదిలెయ్. కంప్రెషన్ సంగతి చెప్పు. 3.1కి నీ ఈ88 హెడ్డే (ఎల్24 సిలిండర్ల మీది మూత) పెడతానన్నావు. దాని ఛాంబరు (ఇంధనం మండే గది) చిన్నది. డిష్ (పైన గుంట) లేని పిస్టను పెడితే కంప్రెషన్ పదిన్నర దాటుతుంది. ఇక్కడ బంకులో దొరికే ప్రీమియం 91 ఆక్టేన్. ఎండాకాలం ట్రాఫిక్‌లో నాక్ కొడితే (ఇంధనం అదుపు తప్పి పేలితే) పిస్టను అంచు ఎగిరిపోతుంది.

సూరి: పీ90 హెడ్డు పెడతా. ఛాంబరు 53 సీసీ పైన ఉంటుంది. తగినంత మిల్లింగు (హెడ్డు అడుగు చెక్కడం) చేయిస్తా.

ప్రసాద్: చేయించు. మిల్లింగు చేసినకొద్దీ కామ్ కిందికి దిగుతుంది, టైమింగ్ చైను వదులవుతుంది. కామ్ టవర్ల కింద షిమ్ములు వెయ్యాలి. లాష్ ప్యాడ్లు మార్చి, రాకరు మీద కామ్ రాసుకునే గీత మధ్యలో పడేలా పన్నెండు వాల్వులకీ చూసుకోవాలి. అది సరిగ్గా పడకపోతే కొత్త కామ్ మొదటి అరగంటలోనే అరిగిపోతుంది. ఇంత పని చేసి పైన 45 మిల్లీమీటర్ల వెబర్లు పెడతానంటావు, అది ఇంకా తమాషా. మూడు వెబర్లంటే ఆరు గొంతులు, ఆరూ ఒకే శ్రుతిలో పాడాలి. ఐడిల్ జెట్టు, మెయిన్ జెట్టు, ఎయిర్ కరెక్టరు, ఎమల్షన్ ట్యూబు అన్నీ కుదిరేదాకా ఆదివారాలు పోతాయి.

సూరి: కుదిరాక ఆ మోత వినండి మరి!

ప్రసాద్: 72లో వచ్చిన గుండ్రటి టాపు ఎస్‌యూ కార్బ్యురేటర్లు నీ దగ్గరే ఉన్నాయి. మరుసటేడు వచ్చిన చదును టాపువి ఎవరికీ పడలేదు, తీసిపారేశారు. నీకున్నవి మంచివి. మిక్స్చరు నట్టు పూర్తిగా బిగించి రెండున్నర చుట్లు వదిలితే బండి లేస్తుంది. డాష్‌పాటులో నూనె చూసుకుంటే చాలు.

(మధ్యలో నేను నోరు జారి "ఆర్‌బీ26 వేసేస్తే?" అన్నాను, అది తర్వాతి తరం నిస్సాన్ టర్బో ఇంజన్. ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు. ఆ ఇంజన్ వెయ్యాలంటే వైరింగు, సంపు, రేడియేటరు అన్నీ మార్చాలి, ఇక అది 240జెడ్ కాదన్నారు. ఆ విషయంలో పేచీ లేదు.)

సూరి: సరే బావా, మీ బాధ ఇంజనా, ఖర్చా?

ప్రసాద్: ఇంజన్ తర్వాత వచ్చే ఖర్చు. 3.1 టార్కు ముందు ఎవరి మీద పడుతుంది? డిఫరెన్షియల్ ముందు రబ్బరు మౌంటు మీద. అది చిరిగితే డిఫరెన్షియల్ ముక్కు పైకి లేచి బాడీకి కొట్టుకుంటుంది. తర్వాత హాఫ్ షాఫ్టుల యూ-జాయింట్లు. ఆర్180 డిఫరెన్షియల్ తీసి ఇంకా గట్టి ఆర్200 అంటావు. వెనక డ్రమ్ములు అలాగే ఉన్నాయి, ముందు టొయోటా పికప్ నాలుగు పిస్టన్ల కాలిపర్లు వెయ్యాలంటావు. క్రాంకు కొనే డబ్బుతో ముందు బ్రేకులు చెయ్యి.

సూరి: బ్రేకులు ఎలాగూ చేస్తా. 3.1కి ఖర్చు మీరనుకున్నంత కాదు. నిస్సాన్ 240ఎస్‌ఎక్స్‌లోని కేఏ24 ఇంజన్ పిస్టన్లు 89వే, చవకగా దొరుకుతాయి. బ్లాకు చేతిలో ఉంది.

ప్రసాద్: బ్లాకుని మెషీన్ షాపుకి పంపావుగా, సోనిక్ టెస్టు (సిలిండరు గోడ మందం కొలిచే పరీక్ష) కాగితం ఏదీ?

(సూరి జేబులోంచి తీసిన తీరు చూస్తేనే సంగతి అర్థమైంది. ఆరు వృత్తాలు గీసి, చుట్టూ అంకెలు రాసిన కాగితం.)

సూరి: అన్నీ బాగానే ఉన్నాయి. మూడోదొక్కటే.

ప్రసాద్: థ్రస్టు వైపు (పిస్టను నెట్టే వైపు) గోడ 3.9 మిల్లీమీటర్లే! పోతపోసినప్పుడే కోరు (లోపలి అచ్చు) జరిగి ఉంటుంది. 86 నుంచి 89 అంటే ఒక్కో వైపు ఒకటిన్నర పోతుంది. మిగిలేది 2.4. నీ పొడవాటి స్ట్రోకు నెట్టేది కూడా సరిగ్గా ఆ గోడనే. నేనైతే దాన్ని బోరింగు మిషను ఎక్కించను.

సూరి: 87 చేయిస్తే 3.4 మిగులుతుంది. డీజిల్ క్రాంకుతో అప్పుడూ 2960 సీసీ.

ప్రసాద్: 87కి కేఏ పిస్టన్లు పట్టవు. ఆ స్ట్రోకుకి సరిపోయేవి ఫోర్జ్‌డ్ చేయించుకోవాలి. చవక లెక్క అక్కడితో సరి. మామూలు ఎల్28 కన్నా రెండొందల సీసీ కోసం దొరకని క్రాంకు, చేయించుకున్న పిస్టన్లు! ఈ బ్లాకుతో వచ్చిన క్రాంకు ఏదిరా?

సూరి: బల్ల కింద ఉంది.

ప్రసాద్: దాని స్ట్రోకు 79. 87 బోరుతో 2818 సీసీ. ఓవర్‌సైజు పిస్టన్లు మామూలుగా దొరుకుతాయి. ఎల్24 అంత గలగలా తిరగదు గానీ, నీ కొండెక్కేటప్పుడు నాలుగొందల సీసీ ఎక్కువే.

సూరి: అయితే ఎల్24 సంగతి వదిలేసినట్టేనా?

ప్రసాద్: నేను వదల్లేదు. నీకు వినపడదని తెలిసి మాట్లాడటం ఆపాను. రీబోరు చేయించి పక్కన పెట్టు, తుప్పు పట్టించావో నేనే పట్టుకుపోతా. 2.8కి మాత్రం ఎస్‌యూలు చాలు, తేలిగ్గా మోస్తాయి.

సూరి: వెబర్లు పోయిన వారమే ఆర్డరిచ్చేశా బావా.

ప్రసాద్: నలభైలా, నలభైఐదులా?

సూరి: నలభైఐదులు.

ప్రసాద్: వెనక్కి పంపు. 2.8కి వీథిలో నలభై చాలు.

సూరి: అంటే వెబర్లకి ఒప్పుకున్నట్టే కదా!

ప్రసాద్: ఆ టార్కు రెంచీ ఇటివ్వు.