డిగ్రీ ధర ముందే చెప్పండి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మా పత్రిక లోపలి పేజీలు బీబీఏ అనే బిజినెస్ డిగ్రీ ప్రకటనలతో నిండిపోతాయి. బిజినెస్ అనలిటిక్స్, డిజిటల్ మార్కెటింగ్, లాజిస్టిక్స్, ఫిన్‌టెక్... పేరు ఏదైనా పక్కన ఒక అద్దాల భవనం, కోటు వేసుకున్న ఒక కుర్రాడు తప్పనిసరి. అందులో లేనిది ఫీజు ఒక్కటే. ఆ ప్రకటనల సొమ్ము మాకూ అందుతుంది గనుక ఈ మాట అనడానికి కాస్త మొహమాటంగానే ఉంది. అయినా అనాలి. రోజు కూలీ మీద బతికే ఇంట్లో ఆ పేజీ తిప్పేవాళ్లు వెతికేది ఆ ఒక్క అంకె కోసమే.

మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ పనిచేసే తండ్రి, సీఈసీలో మంచి మార్కులు తెచ్చుకున్న కూతురు. అలాంటి ఇల్లు ఒకటి ఊహించుకుందాం. బిజినెస్ చదవాలని ఆ అమ్మాయి కోరిక. ఊళ్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్‌కు ఏడాదికి అయ్యేది కొద్ది వేలు. హైదరాబాద్ చుట్టుపక్కల ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బీబీఏకు లక్ష దాటుతుంది, కొన్నిచోట్ల రెండు మూడు లక్షలు. ఈ రెంటికీ నడుమ వందల ప్రైవేటు డిగ్రీ కళాశాలలున్నాయి. వాటి పీఆర్వోలు వేసవిలో ఇంటింటికీ తిరుగుతారు. ‘మీరు రూపాయి కట్టక్కర్లేదండీ, అంతా రీయింబర్స్‌మెంటే’ అని చెప్పి పదో తరగతి మెమో జిరాక్స్ పట్టుకుపోతారు. ఆ ‘రూపాయి కట్టక్కర్లేదు’ అన్న మాటే ఈ సంపాదకీయానికి కారణం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో విస్తృత రూపం తీసుకుంది. ఎన్నో ఇళ్లలో మొదటి పట్టభద్రుణ్ని తయారుచేసింది ఆ పథకమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. అయితే రాష్ట్రాలు రెండయ్యాయి, ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి, బకాయిల కథ మాత్రం మారలేదు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నాళ్లు ‘విద్యా దీవెన’ పేరుతో తల్లుల ఖాతాల్లో వేశారు, తర్వాత మళ్లీ కళాశాలల ఖాతాల వైపు మళ్లారు. డబ్బు ఎటువైపు నుంచి వెళ్లినా ఆలస్యంగానే వెళ్లింది. తెలంగాణలో 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కళాశాలల యాజమాన్యాలు బకాయిల కోసం ఏకంగా తాళాలే వేశాయి. అధ్యాపకులకు జీతాలివ్వలేకపోతున్నామన్న వాళ్ల గోడు అబద్ధం కాదు.

ప్రభుత్వం కళాశాలకు బాకీ. ఆ బాకీకి కుదువ పడేది మాత్రం విద్యార్థి టీసీ. మూడో ఏడు పరీక్షలు రాసి, ఎంబీఏ కౌన్సెలింగ్‌కో చిన్న ఉద్యోగానికో సర్టిఫికెట్లు కావాలని వెళితే, ‘ప్రభుత్వం నుంచి రాలేదమ్మా, నువ్వు కట్టు, వచ్చాక తిరిగిస్తాం’ అంటారు. ఇంట్లో పుస్తెలు తాకట్టుకు వెళ్లేది ఆ రోజునే. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలు అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2018లోనే స్పష్టంగా ఆదేశించింది. ఆ ఆదేశం ఏ కళాశాల నోటీసు బోర్డు మీద కనిపించిందో చెప్పగలవారు మాకు ఇంతవరకు తారసపడలేదు. ప్రభుత్వమే బాకీదారు అయిన చోట ఏ అధికారి మాత్రం గట్టిగా అడుగుతాడు?

పథకంలోని చిన్నక్షరాలు చదవనివాడికి ఇంకో దెబ్బ. తెలంగాణలో డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక అయిన దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా సీటు వస్తేనే రీయింబర్స్‌మెంట్ లెక్కలోకి వస్తారు. చివరి విడత దాటాక స్పాట్ అడ్మిషన్‌లో చేరితే రాదు. ఊరి నుంచి ఆలస్యంగా తేరుకుని వచ్చేవాళ్లు, ముందు ఇంజినీరింగ్ ఆశతో ఆగి తర్వాత డిగ్రీకి మళ్లేవాళ్లు ఆ స్పాట్ గుమ్మం దగ్గరే దొరుకుతారు. అర్హత ఉన్నవాళ్లకైనా ప్రభుత్వం గుర్తించిన ఫీజు వరకే. ఆపైన కళాశాల ఏ పేరుతో ఎంత అడిగినా అది ఇంటి నుంచే రావాలి. హాజరు 75 శాతం ఉండాలి. సెలవుల్లో కాక మామూలు రోజుల్లో కూడా పనికి వెళ్లక తప్పని పిల్లలకు ఆ అంకె ఎంత బరువో లెక్క రాసినవాళ్లకు తెలియదు. ఆదాయ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో రెండున్నర లక్షలు. తెలంగాణలో బీసీ కుటుంబానికి పల్లెలో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్లే ఇల్లు కూడా ఈ గీత దాటిపోవచ్చు. అందుకే ఆదాయ ధ్రువపత్రం మీద ఏం రాయించుకోవాలన్నది మండల కార్యాలయం దగ్గర ఒక ప్రత్యేక విద్య అయి కూర్చుంది.

కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది. ఇంటర్‌లో తమ బోర్డు విద్యార్థుల్లో 80వ పర్సంటైల్‌కు పైన, అంటే నూటికి ఎనభై మంది కంటే మెరుగ్గా నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12 వేలు ఇస్తారు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికి మాత్రం ఇది వర్తించదు. అంటే ఫీజు తక్కువగా ఉండే ప్రభుత్వ కళాశాలలో చేరే మంచి మార్కుల విద్యార్థికి కేంద్ర స్కాలర్‌షిప్పే లాభసాటి కావచ్చు. ఈ లెక్క వేసి చెప్పే మనిషి ఎంతమంది ప్రిన్సిపాళ్ల గదుల్లో ఉన్నాడు?

ఫీజు పక్కన పెడితే ఇంకా పెద్ద ఖర్చు మకాం, తిండి, ప్రయాణం. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని పేరున్న కళాశాలల్లో బీకాం ఆనర్స్ ఫీజు మన ప్రైవేటు బీబీఏ కంటే తక్కువే. అక్కడి ప్రవేశానికి రాయాల్సిన సీయూఈటీ పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. కానీ అక్కడ గది అద్దె, మెస్ బిల్లు కలిపితే ఆ చవకదనం మొదటి నెలలోనే కరిగిపోతుంది. ఇక్కడికి వస్తే, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితం. డిగ్రీ ఖర్చులో ఇంత పెద్ద కోత ఏ విద్యాపథకమూ పెట్టలేదని మా అభిప్రాయం. ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలోని ప్రభుత్వ కళాశాల ఇప్పుడు ఆ అమ్మాయికి అందుబాటులో ఉన్నట్టే, చివరి బస్సు తరగతులు అయ్యేదాకా ఆగితే. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు నడిపే మహిళా డిగ్రీ కళాశాలల్లో తిండీ వసతీ కలిపి ఉచితం. ఆంధ్రప్రదేశ్‌కు నాగార్జునసాగర్‌లో రెసిడెన్షియల్ డిగ్రీ కళాశాల, కర్నూలులో సిల్వర్ జూబ్లీ కళాశాల ఉన్నాయి. అవసరంతో పోలిస్తే ఇలాంటివి వేళ్ల మీద లెక్కించదగినన్నే.

ఇంత చవకైన దారి ఉండగా పిల్లలు ప్రైవేటు గుమ్మాల వైపు ఎందుకు వెళ్తున్నారు? ప్రభుత్వ కళాశాలలో కామర్స్ చెప్పేవాళ్లు కరువు గనుక. దోస్త్‌లో కొన్నేళ్లుగా ఎక్కువమంది కోరుకుంటున్నది కామర్సే. పోస్టుల మంజూరు మాత్రం బీఏ, బీఎస్సీలు రాజ్యమేలిన కాలం నాటి లెక్కల్లోనే ఇరుక్కుంది. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్ సెమిస్టర్ సగంలో వస్తాడు, ఆరో సెమిస్టర్‌కు వెళ్లిపోతాడు. కాస్ట్ అకౌంటింగ్ ఎవరు చెబుతారన్నది అక్కడి పిల్లలకు ఏటేటా కొత్త ప్రశ్న. జీఎస్టీ వచ్చిన 2017 తర్వాత చిన్న పట్టణాల్లో కూడా ఆడిటర్ ఆఫీసులకు పని పెరిగింది. రిటర్ను వేయడం, ట్యాలీలో ఖాతాలు రాయడం వచ్చిన బీకాం విద్యార్థికి సొంత ఊళ్లోనే కూర్చుని చేసుకునే పని ఉంది. ఆ పని నేర్పడానికి ఒక ల్యాబ్, పది కంప్యూటర్లు, ఒక పర్మినెంట్ అధ్యాపకుడు చాలు. అద్దాల భవనం అక్కర్లేదు.

బీబీఏ మీద మాకు ద్వేషం లేదు. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులను అఖిల భారత సాంకేతిక విద్యామండలి పరిధిలోకి తెచ్చారు. అనుమతి ఉందా లేదా చూసుకునే వెసులుబాటైనా దొరికింది. తెలంగాణలో కొన్ని కళాశాలలు రిటైల్ రంగంతో కలిసి, కొన్ని రోజులు తరగతి, కొన్ని రోజులు షాపులో పని, దానికి స్టైపెండు అన్న పద్ధతిలో బీబీఏ నడుపుతున్నాయి. పేద పిల్లలకు ఇది నచ్చే పద్ధతి. అయితే స్టైపెండు సమయానికి చేతికి అందాలి, చదువు పేరుతో చవక సేల్స్‌మన్లను సరఫరా చేసే ఏర్పాటుగా మారకూడదు. పగలు పనికి పోక తప్పనివాళ్లకు 1982లో పుట్టిన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో ఉన్నాయి. ఆ బీకాంకు రెగ్యులర్ డిగ్రీతో సమాన విలువ ఉంది. పెళ్లిచూపుల్లో ఒకటి రెండు ప్రశ్నలు రావచ్చు, కొలువుల నోటిఫికేషన్లలో రావు.

బ్యాంకు అప్పు మాట ఎత్తితే పీఎం విద్యాలక్ష్మి గురించి చెబుతారు. తనఖా లేదు, హామీదారు లేడు, ఎనిమిది లక్షల ఆదాయం వరకు వడ్డీలో మూడు శాతం రాయితీ. మంచిదే. కానీ అది జాబితాలో ఉన్న నాణ్యమైన సంస్థల్లో సీటు తెచ్చుకున్నవారికి. 2024లో పథకం మొదలైనప్పుడు దేశం మొత్తం మీద అవి సుమారు 860. మండల కేంద్రంలోని డిగ్రీ కళాశాల ఆ జాబితాలో ఎక్కడ ఉంటుంది? హమాలీ కూతురికి అవసరమయ్యే అప్పు ముప్పై నలభై వేలు. అంత చిన్న అప్పు రాయడానికి ఏ మేనేజరూ ఉత్సాహపడడు.

ప్రభుత్వాలను మేం అడిగేది పెద్ద పథకం కాదు. దోస్త్‌లోనూ ఆంధ్రప్రదేశ్ ప్రవేశాల వెబ్‌సైట్లోనూ ఆప్షన్ పెట్టే చోట, ప్రతి కళాశాల పేరు పక్కన మూడేళ్ల మొత్తం ఖర్చు తెలుగులో కనిపించాలి. ట్యూషన్ ఫీజు, ప్రభుత్వం గుర్తించిన ఫీజు, ఆపైన వసూలు చేసేది, పరీక్ష ఫీజులు, హాస్టలు, కామర్స్‌లో ఎంతమంది పర్మినెంట్ అధ్యాపకులున్నారన్నది. రెండు వందలు కట్టి దోస్త్‌లో రిజిస్టరైన విద్యార్థికి ఆపాటి సమాచారం హక్కు. బకాయి ఉంటే అది ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్య తేలాలి. టీసీ ఆపిన కళాశాల పేరు మరుసటి ఏడాది ఆప్షన్ల జాబితాలో ఉండకూడదు. ఇక ఆ ఖర్చుల పట్టికలో మొదటి గడి దేనికి కేటాయించాలో కూడా మేమే చెబుతాం: పోయిన ఏడాది ఈ కళాశాల ఎంతమంది సర్టిఫికెట్లు ఆపింది.