ఆర్కేడ్ స్టిక్ కొనేముందు అడుగు మూత విప్పొచ్చో లేదో కనుక్కోండి

ఫైటింగ్ గేమ్స్ గ్రూపుల్లో ఎప్పుడూ కనబడే ప్రశ్న, "అన్నా, ఏ స్టిక్ తీసుకోమంటారు?" కింద జవాబులన్నీ కంపెనీ పేర్లే. ఏ గేమ్ ఆడతావు, పీసీనా కన్సోలా, ఒళ్లో పెట్టుకుంటావా బల్ల మీద పెట్టుకుంటావా అని ఒక్కరూ అడగరు. వేలకు వేలు పోసి కొన్న స్టిక్కు కొన్నాళ్లకే అటకెక్కుతోందంటే కారణం ఇదే. స్టిక్ అంటే ఒక పెట్టె, ఒక లివర్, ఎనిమిది బటన్లు, వాటి నొక్కుళ్లని పీసీకో కన్సోల్‌కో చేరవేసే ఒక బోర్డు. అడుగు మూత విప్పి వీటిలో దేనికది విడిగా మార్చుకునే వీలుంటే చవక పెట్టె కూడా ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆ వీలు లేకపోతే ఎన్ని లైట్లు వెలిగినా డబ్బు దండగేనని నా గట్టి అభిప్రాయం.

ముందు తేల్చుకోవాల్సింది బోర్డు సంగతి. పీసీ అయితే చింతే లేదు, దాదాపు ఏ బోర్డయినా పనిచేస్తుంది. పీఎస్4లో లైసెన్సు లేని బోర్డు పెడితే సుమారు 8 నిమిషాలకు కనెక్షన్ తెగిపోతుంది, మంచి రౌండు మధ్యలోనైనా సరే. పీఎస్5లో పాత పీఎస్4 స్టిక్కులు పనిచేయడం ఆ గేమ్ అనుమతిస్తేనే. స్ట్రీట్ ఫైటర్ 6 అనుమతిస్తుంది, అన్ని గేమ్సూ అనుమతించవు. ఎక్స్‌బాక్స్‌ది ఇంకా కఠినం. కన్సోల్ మీద ఆడేవాళ్లు పెట్టె అందం చూసే ముందు, ఆ కన్సోల్‌కి లైసెన్సు ఉన్నదో, పలు కన్సోళ్లకి పనిచేసే బ్రూక్ బోర్డులాంటిది పెట్టుకునే చోటున్నదో చూసుకోవాలి.

ఇక లివర్. అసలు మాట ఇక్కడుంది. జపాన్ పద్ధతి స్టిక్కుల్లో ప్రామాణికం సాన్వా జేఎల్ఎఫ్. 35 మిల్లీమీటర్ల గుండ్రటి బాల్, లోపల నాలుగు మైక్రోస్విచ్‌లు, 5 పిన్‌ల కనెక్టర్, అడుగున చదరపు గేట్ (లివర్ ఎంతదాకా కదలాలో ఆపే చట్రం). కొన్న మొదటి వారంలోనే ఆ చదరపు గేట్ పీకేసి ఎనిమిది మూలల గేట్ పెట్టేస్తుంటారు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. ఏటవాలు దిక్కు అంటే పక్కపక్కనున్న రెండు స్విచ్‌లు ఒకేసారి నొక్కుకోవడం. చదరపు గేట్‌లో మూల దాకా చోటుంటుంది కాబట్టి ఆ దిక్కు విశాలంగా దొరుకుతుంది. ఎనిమిది మూలల గేట్ ఆ మూలల్నే కోసేస్తుంది. గైల్‌ లాంటి స్ట్రీట్ ఫైటర్ పాత్రతో వెనక్కి-కిందికి కాసేపు పట్టుకుని దెబ్బకి చార్జ్ చేసేవాడికి మూలలో ఆనుకుని ఉండటమే బలం. "హడోకెన్ వేస్తుంటే మూలలకి కొట్టుకుంటోంది" (హడోకెన్ అంటే లివర్‌ని కింది నుంచి ముందుకి తిప్పి వేసే దెబ్బ) అనే ఫిర్యాదు నిజమే, కానీ తప్పు గేట్‌ది కాదు. గోడకి ఆనించి రాసుకుంటూ తిప్పుతున్న చేతిది. గోడ దాకా నెట్టక్కర్లేదు, స్విచ్ క్లిక్ అన్న చోటే చాలు. నెల రోజులు ట్రైనింగ్ మోడ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే ఆన్ చేసి, శబ్దం విని తిప్పండి. అప్పటికీ కుదరకపోతే గేట్ మార్చండి, అప్పుడు ఎందుకు మారుస్తున్నారో మీకే తెలుస్తుంది.

గేట్ కన్నా ముందు మార్చదగ్గది స్ప్రింగ్. జేఎల్ఎఫ్‌తో వచ్చే స్ప్రింగ్ మెత్తన. వదిలేసిన లివర్ నడిమికి వచ్చి ఆగకుండా కాస్త దాటి, అవతలి స్విచ్‌ని తాకే ప్రమాదముంది. చటుక్కున ముందుకో వెనక్కో జరిగే డ్యాష్ చేయబోతే ఇంకేదో జరిగిందని గింజుకునేది అందుకే. 2 పౌండ్ల స్ప్రింగ్ చాలామందికి సరిపోతుంది. 4 పౌండ్లది పెడితే గంటలో మణికట్టు లాగేస్తుంది. లివర్ కడ్డీ అడుగున ఉండి స్విచ్‌లని నొక్కే యాక్చువేటర్ కూడా కాస్త లావుది దొరుకుతుంది, అది పెడితే స్విచ్ త్వరగా పడుతుంది, ఏటవాలు దిక్కులు ఇంకా విశాలమవుతాయి. అయితే నడిమి ఖాళీ తగ్గిపోతుంది. 1 మిల్లీమీటరు లావెక్కిందంటే, ముందుకి-మధ్యకి-ముందుకి అనే డ్యాష్‌లో ఆ "మధ్య" బోర్డుకి అందకపోవచ్చు. లావు యాక్చువేటర్ పెడితే గట్టి స్ప్రింగ్ తోడుండాలి.

మార్చేటప్పుడు ఇలా చేయండి. పెట్టె అడుగు మూత విప్పితే షాఫ్ట్ (లివర్ కడ్డీ) అడుగున గాడి ఉంటుంది, దాంట్లో ఫ్లాట్ స్క్రూడ్రైవర్ ఆనించి పట్టుకుని పైన బాల్‌ని ఎడమవైపు తిప్పి తీయండి. లివర్‌ని పెట్టెలోంచి బయటికి తీసి తలకిందులు చేసి, గేట్ పక్కల క్లిప్పులు నొక్కి విప్పండి. స్విచ్‌ల బోర్డుని నాలుగు వైపులా కొద్దికొద్దిగా లేపండి, ఒక పక్కే లాగితే స్విచ్ కాళ్లు వంగుతాయి. ఇప్పుడు షాఫ్ట్ చివర చిన్న ఈ-క్లిప్ కనబడుతుంది. దాన్ని తోసిన క్షణమే అది ఎగిరి ఎక్కడో పడుతుంది, కాబట్టి ఈ పనంతా పెద్ద పాలిథిన్ కవర్లో చేతులు పెట్టి చేయండి. క్లిప్ వచ్చాక యాక్చువేటర్, స్ప్రింగ్ జారి వస్తాయి. ఏది ఏ వైపు ఉందో ముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి, యాక్చువేటర్ తిరగేసి పెట్టడం అందరూ చేసే పొరపాటు. పాత గ్రీజు తుడిచి, షాఫ్ట్ ఆనుకుని కదిలే చోట (పివట్) పలచగా మాలికోట్ 44 లాంటి ప్లాస్టిక్‌కి పడే గ్రీజు రాయండి. డబ్ల్యూడీ-40 కొట్టారంటే ఉన్న గ్రీజు కూడా కడుక్కుపోతుంది. స్విచ్‌ల మీద చుక్క కూడా పడకూడదు. బిగించాక పైకి నొక్కితే కుడి పడుతోందంటే లివర్‌ని వేరే వైపు తిప్పి పెట్టారన్నమాట. మూత బిగించకముందే ఎనిమిది దిక్కులూ సరిచూసుకోండి.

టెక్కెన్ ఆడేవాళ్లకు నా సలహా వేరు. కొరియన్ లివర్లలో స్ప్రింగ్ బదులు రబ్బరు గ్రోమెట్ ఉంటుంది, చేయి వదలగానే లివర్ టక్కున నడిమికొచ్చి నిలబడుతుంది. వెంటవెంటనే వెనక్కి జరిగే కొరియన్ బ్యాక్‌డ్యాష్‌కీ, మిషిమా కుటుంబ పాత్రల ముందుకి-మధ్యకి-కిందికి వరసకీ ఆ నిలబడడమే ప్రాణం. క్రౌన్, ఫాంటా, గోల్డెన్ లివర్ అని పేర్లు వినబడతాయి. కొనేముందు పెట్టె లోపలి లోతు స్కేలు పెట్టి కొలవండి, కొన్ని రకాలు పలచటి పెట్టెల్లో పట్టవు. కనెక్టర్ 5 పిన్‌లదా, స్విచ్‌కి విడిగా వైరు తగిలించేదా అన్నదీ అడగండి.

బటన్ల విషయంలో గొడవ తక్కువ. సాన్వా ఓబీఎస్ఎఫ్-30 తేలిగ్గా పడుతుంది, వేలు ఆనించి ఉంచే అలవాటున్నవాళ్లకి అనుకోకుండా కూడా పడుతుంది. అలాంటివాళ్లు సైమిత్సు పీఎస్-14 చూడండి, కాస్త బిగువు. రాత్రిపూట ఇంట్లోవాళ్లు నిద్రపోతుంటే ఆడేవాళ్లకి చప్పుడు తక్కువ చేసే ఓబీఎస్ఎఫ్ఎస్ రకం ఉంది. తీసేటప్పుడు వైరు పట్టి లాగకండి, బటన్‌ని ఒక చేత్తో అదిమి, టెర్మినల్‌ని సన్నటి ప్లయర్‌తో అటూ ఇటూ కదిలించి తీయండి. ఈ బటన్లకి పట్టేది 0.110 అంగుళాల టెర్మినల్, అమెరికన్ పద్ధతి బటన్లది 0.187, అది దీనికి వదులవుతుంది. నేరుగా సోల్డరింగ్ చేశారో, వేడికి ప్లాస్టిక్ మెత్తబడి కాలు కదిలిపోతుంది, బటన్ పోయినట్టే.

సొంతంగా చేసుకునేవాళ్లు మనదగ్గర పెరగాలన్నది నా కోరిక. బయటినుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి ధర కొండెక్కుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట రాస్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు దొరుకుతుంది, దాంట్లో జీపీ2040-సీఈ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్) వేస్తే పీసీకి అద్భుతమైన బోర్డు తయారు. బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ పెడితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, ఫైల్ కాపీ చేస్తే సరి. మామూలుగా జీపీ2 అనే పిన్ పైకి, జీపీ3 కిందికి, జీపీ4 కుడి, జీపీ5 ఎడమ. బటన్ ఒక కాలు పిన్‌కి, రెండోది గ్రౌండ్‌కి, ఏది ఎటైనా ఫర్వాలేదు. గ్రౌండ్ అంతా ఒకే వైరుతో దండలా కలపొచ్చు. "జీరో డిలే" అని రాసి అమ్మే చవక ఎన్‌కోడర్ బోర్డులు మాత్రం పేరుకే, పికోతో పోలిస్తే ఆలస్యం ఎక్కువ.

పెట్టెకి 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క వాడితే రెండు చిక్కులు. ఒకటి, స్నాప్-ఇన్ (నొక్కితే రంధ్రంలో అతుక్కునే) బటన్ల చెవులు అంత మందాన్ని పట్టవు, స్క్రూ రకం ఓబీఎస్ఎన్-30 తీసుకోండి. రెండు, కింద బిగించిన లివర్ పైకి పొట్టిగా వస్తుంది. ప్యానెల్ మీంచి బాల్ అడుగుకి 23-24 మిల్లీమీటర్లు ఉండాలంటే కింద చెక్కని రూటర్‌తో లోతు చేయించాల్సిందే. రంధ్రాలకి 30 మిల్లీమీటర్ల ఫోర్స్‌నర్ బిట్ వాడమని కార్పెంటర్‌కి చెప్పండి, హోల్ సా అయితే అంచులు రేగుతాయి. అడుగున జారకుండా పాత యోగా మ్యాట్ ముక్క అతికించండి, ఒళ్లో ఆడేవాళ్లకి అది కొత్త లివర్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

లివరే వద్దనుకుని బటన్ల స్టిక్ చేసుకునేవాళ్లు ఒక సెట్టింగ్ మర్చిపోకండి. ఎడమ, కుడి ఒకేసారి నొక్కితే ఏం జరగాలన్నది బోర్డులో మనమే పెట్టాలి. స్ట్రీట్ ఫైటర్ పోటీల వరస కాప్‌కామ్ ప్రో టూర్ 2023 నిబంధనల్లో ఎడమ-కుడి కలిస్తే న్యూట్రల్ (ఏ దిక్కూ పడదు), పైకి-కిందికి కలిసినా న్యూట్రల్. పాత బటన్ల స్టిక్కుల్లో చాలావాటిలో, పైకి-కిందికి కలిస్తే పైకి అన్నదే గెలిచేది. జీపీ2040-సీఈలో స్టార్ట్ నొక్కి పట్టుకుని పీసీకి తగిలించి, బ్రౌజర్లో 192.168.7.1 తెరిస్తే అది మార్చుకోవచ్చు. టోర్నమెంట్‌కి పేరిచ్చే ముందే వాళ్ల నిబంధన చదివి దానికి తగ్గట్టు పెట్టుకుని, ఆ సెట్టింగ్‌తోనే సాధన చేయండి.