ఆన్సర్ వచ్చింది సరే, ఇప్పుడేం చేయాలి?

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు బిజినెస్ స్టాటిస్టిక్స్ చెప్తుంటాను. ప్రతి సెమిస్టర్ చివర పేపర్లు దిద్దేటప్పుడు కడుపు మండిపోతుంది. ఆ బాధ ఇక్కడ రాసుకుంటున్నాను. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఒక పిల్లాడు పది మార్కుల లెక్క తప్పు లేకుండా చేస్తాడు. స్కేలు పెట్టి టేబుల్ గీస్తాడు. ఎఫ్‌ఎక్స్ కాలమ్, డి స్క్వేర్ కాలమ్, కింద సిగ్మాలు, అన్నీ నీట్‌గా ఉంటాయి. చివర స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరాయో చెప్పేది) 14.6 అని రాసి చుట్టూ డబ్బా గీస్తాడు. అంతే, పేజీ తిప్పేస్తాడు. ఆ 14.6 రూపాయలా, కిలోలా, బస్తాలా? అది ఎక్కువా, తక్కువా? ఆ వ్యాపారి ఈ అంకె చూసి రేపు ఏం చేయాలి? అది మనం అడగం కాబట్టి వాడు రాయడు. రాసినా ఇవ్వడానికి వాల్యుయేషన్ స్కీమ్‌లో దానికి మార్కు ఉండదు. స్టాటిస్టిక్స్ వ్యాపార నిర్ణయాలకు పనికొస్తుందని మొదటి యూనిట్‌లో ఒక పేరా ఉంటుంది. మిగతా యూనిట్లన్నీ వెతికినా ఒక్క నిర్ణయం కనపడదు.

ఇదంతా మన పక్కనే వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌ను పెట్టుకుని! నాకు అసలు బాధ అక్కడే.

మిర్చి సీజన్‌లో పొద్దున్నే యార్డులో జెండా పాట అవుతుంది. మంచి సరుకున్న లాట్‌కు ఖరీదుదారులు పాడిన పై ధర అది. గంటలో వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతుంది, మర్నాడు పేపర్లో హెడ్డింగ్ అవుతుంది. అది చూసి రైతు బండి కట్టించుకుని వస్తాడు. తన బస్తాల దగ్గరికి వచ్చేసరికి ధర వేరే ఉంటుంది. క్లాసులో దీని మీద మాట్లాడుతుంటే నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "మా నాన్నకు ఎన్నడూ జెండా పాట ధర రాలే సార్" అంది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి బోర్డు మీద ఇదే లెక్క వేశాం.

మాట వరసకు ఒకే బరువున్న పది లాట్లు అనుకుందాం. ఒకటి క్వింటాల్ 18,000కు పోయింది, ఒకటి 16,000కు. ఐదు లాట్లు 13,000 చొప్పున, రెండు 12,500 చొప్పున పోయాయి. చివరి లాట్ తాలు కాయ (నాసి సరుకు), దానికి 9,000. సగటు 13,300. మధ్యస్థం (వరసలో పెడితే నడుమ వచ్చే ధర) 13,000, బాహుళకం (ఎక్కువ లాట్లు పోయిన ధర) కూడా 13,000. ఊర్లో అందరి నోట్లో ఉన్న ధర మాత్రం 18,000. ఇరవై క్వింటాళ్లు తెచ్చిన రైతు 18,000 అనుకుని వచ్చి 13,000కు అమ్మితే, చేతికొచ్చే డబ్బులో లక్ష రూపాయల తేడా. ఆ లక్ష లెక్కలో పెట్టుకునే అప్పు తీరుస్తానని మాట ఇచ్చి ఉంటాడు. గరిష్ఠ విలువను పట్టుకుని బతుకు నిర్ణయాలు తీసుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ దొరకదు. (లాట్ల బరువులు వేరైతే వెయిటెడ్ యావరేజ్ కట్టాలి, అదీ మన సిలబస్‌లో ఉన్నదే.)

కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్ సైట్‌లో మార్కెట్ల వారీగా కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అని మూడు ఉంటాయి. ఆ మోడల్ ధర తాము గైడ్‌లో బట్టీ పట్టిన మోడే (బాహుళకమే) అని ఫైనల్ ఇయర్ పిల్లలకు కూడా తెలియదు. ఫార్ములా అడిగితే మాత్రం గడగడా చెప్తారు. ఫోన్ తీసి సైట్ చూపించినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

పత్తి సంగతీ అంతే. కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాకా కోతతో కొంటారు, ఆపైన తీసుకోరు. తేమ కొలిచే మీటర్ బండిలో ఎక్కడ గుచ్చారు, పైననా లోపలనా, ఎన్ని చోట్ల గుచ్చారు అన్నదాన్ని బట్టి రైతు డబ్బులు మారిపోతాయి. శాంప్లింగ్ (కొంత చూసి మొత్తాన్ని అంచనా వేయడం) చాప్టర్ మొత్తం ఆ బండి మీదే ఉంది. మనం మాత్రం "శాంప్లింగ్ రకాలు వ్రాయుము" అని ఆపేస్తాం.

సగటు తెలిసినా సరిపోదు. ఇది చాలామంది కామర్స్ వాళ్లకు కూడా మింగుడు పడదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సద్దుల బతుకమ్మ రోజు బంతిపూలు అమ్మే ఒకామె ఉంది. ఆ రోజు మిగిలిన పూలన్నీ పారబోయాల్సిందే అనుకుందాం. గిరాకీ 40, 50, 60, 70, 80 కిలోల్లో ఏదైనా కావచ్చు, అన్నిటికీ సమాన అవకాశం అనుకుందాం. సగటు 60. ఎన్ని కిలోలు తేవాలి? క్లాసులో అడగండి, అందరూ 60 అంటారు.

కిలో 70కి కొని 100కు అమ్మితే మిగిలేది 30, పారబోస్తే పోయేది 70. అప్పుడు 60 కిలోలు తెస్తే సగటున 1,200 లాభం. 50 తెస్తే 1,300. అదే పూలు కిలో 30కే దొరికాయనుకోండి. అప్పుడు 60 తెస్తే 3,600, 70 తెస్తే 3,700. గిరాకీ మారలేదు, సగటు మారలేదు, సరైన నిర్ణయం మాత్రం 50 నుంచి 70కి మారిపోయింది. తక్కువ తెస్తే పోయే లాభమెంత, ఎక్కువ తెస్తే పడే నష్టమెంత అన్న రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఇది తేలదు. పూలమ్మే ఆమె ఏళ్ల తరబడి దెబ్బలు తిని ఇది తెలుసుకుంది. మన బీకాం పిల్లాడు మూడేళ్లు ఫీజు కట్టి కూడా తెలుసుకోకపోతే ఆ తప్పు వాడిది కాదు.

"ముందు లెక్క రావాలి కదా సార్" అంటారు తోటి లెక్చరర్లు. నిజమే. స్టాండర్డ్ డీవియేషన్ ఒకటి రెండు సార్లు చేత్తో చేయాలి, లేకపోతే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాదు. కానీ అదే లెక్కను డైరెక్ట్ మెథడ్, షార్ట్‌కట్ మెథడ్, స్టెప్ డీవియేషన్ మెథడ్ అని మూడు రకాలుగా వారాల తరబడి చేయించడం ఎందుకు? ఆ షార్ట్‌కట్‌లు కాలిక్యులేటర్ లేని రోజుల్లో పని తగ్గించడానికి పెట్టుకున్నవి. ఇప్పుడు ఎక్సెల్‌లో ఒక్క ఫార్ములాతో అయిపోయే పని అది. మిగిలిన టైమ్‌లో "ఈ డేటా ఎవరు ఇచ్చారు, ఎవరిని వదిలేశారు, దీని మీద డబ్బు పెట్టొచ్చా" అని మాట్లాడుకోవచ్చు.

పిల్లల్ని తప్పు పట్టలేను. "ఇది ఎగ్జామ్‌లో వస్తదా సార్?" అని అడుగుతారు, అడగాలి కూడా. పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ, పల్లె నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలు వాళ్లు. మార్కు ఎక్కడుంటే అక్కడే చదువుతారు. సెక్షన్‌లో అరవై, డెబ్భై మందిని కూర్చోబెట్టి, సిలబస్ అవ్వాలన్న టెన్షన్‌లో పరుగెత్తే లెక్చరర్ కూడా గైడ్ పట్టుకునే పోతాడు. మార్చాల్సింది ప్రశ్నపత్రాన్ని.

ఈ సబ్జెక్ట్ పుట్టిందే ఇలాంటి అవసరాల్లోంచి. టి-టెస్ట్ (కొద్ది శాంపిళ్లతోనే సగటుల తేడా నిజమైనదా అని తేల్చే పరీక్ష) కనిపెట్టిన విలియం గోసెట్ డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. చేతిలో ఉన్న కొద్దిపాటి శాంపిళ్లతో ఏ బార్లీ మంచిదో తేల్చాల్సి వచ్చి ఆ దారి వెతికాడు. 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించాడు. మన చౌరస్తా బట్టల షాపాయనకైనా నాలుగైదు దసరాల లెక్కలకు మించి ఏముంటాయి? ఆయన సమస్యా అదే. తెలుగువాడైన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారికి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. ఆయన పేరు వినని పిల్లలు నా క్లాసులో ఎంతోమంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. పది మార్కుల ప్రశ్నలో లెక్కకు ఏడు ఉంచండి, మూడు మార్కులు "అయితే మీరేం చేస్తారు, ఎందుకు" అన్నదానికి ఇవ్వండి. దానికి ఒకే జవాబు ఉండదు. అప్పు వడ్డీ నెత్తి మీదున్న రైతు ఇవాళే అమ్ముతాననొచ్చు, లేని రైతు కోల్డ్ స్టోరేజీలో పెడతాననొచ్చు. ధర ఎంత ఊగుతుందో చూసి, ఎవరెంత తట్టుకోగలరో రాస్తే ఇద్దరికీ మార్కులు వేయాలి. దిద్దడం కష్టమే, మనకు జీతం ఇచ్చేది దానికే.

ఈ సెమిస్టర్ ఇంటర్నల్‌లో నేను ఇలాంటి ప్రశ్నే పెడుతున్నాను. కిరాణం, ఎరువుల షాపు, మెడికల్ షాపు, టిఫిన్ సెంటర్, ఏదైనా సరే, మీ దగ్గర రోజువారీ అమ్మకాల లెక్కలు ఉంటే పేర్లు కొట్టేసి నాకు మెసేజ్ చేయండి. చిత్తు పుస్తకం ఫోటో అయినా పర్వాలేదు.